చేతిపిడి నేర్పిన పాఠం

రైలు పెట్టె ఎక్కేటప్పుడు తలుపుకు రెండు వైపులా నిలువుగా ఉండే కమ్మీలను మనమందరం పట్టుకుంటాము. బస్సులో నిలుచున్నప్పుడు తలపైనున్న కడ్డీని పట్టుకుంటాము. పూర్వం గూడుబండి ఎక్కే పెద్దవారు పక్క కర్రను ఆసరా చేసుకొనేవారు. ఆసరా నిలిచి ఉన్నంతకాలం దానిని గురించి ఆలోచించవలసిన అవసరం ఎవరికీ కలుగదు. అది ఊడి చేతిలోకి వచ్చిననాడే దాని విలువ తెలుస్తుంది.

మాకు అటువంటి అనుభవం 2023 డిసెంబరులో కలిగింది. అందులో తప్పు పూర్తిగా మాదే. ఆ తప్పు మన సంస్థ కుటుంబాలలో మరెవ్వరూ చేయకూడదన్న ఉద్దేశంతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఇల్లులాంటి బండి

మేము నలుగురం విశాఖపట్నంలో నిర్వహణ విభాగపు ఉద్యోగులము. ఇద్దరు ఫిట్టర్లు, ఒక వెల్డరు, ఒక ఎలక్ట్రీషియను. సెలవులలో కుటుంబాలతో కలసి ప్రయాణించాలన్న కోరికతో 2022లో తలా కొంత వేసుకొని ఒక పాత వ్యాన్ కొన్నాము. వెనుక సీట్లు కొన్ని తీసి, అక్కడ ఒక పడక, మంచినీళ్ల డ్రమ్ము, వంట సామాను పెట్టుకొనే బీరువా అమర్చాము. క్యాంపర్ వ్యాన్ అని పిలిచే ఇటువంటి బండ్లు విదేశాలలో చాలాకాలంగా ఉన్నాయి. జర్మనీలో 1951 నుండి ఫోక్స్‌వాగన్ వ్యాన్లను ఈ విధంగా మార్చి అమ్మేవారు. మన దేశంలో కేరళ ప్రభుత్వం 2021లో కారవాన్ పర్యాటకాన్ని ప్రోత్సహించే పథకాన్ని ప్రకటించింది.

రిజిస్ట్రేషన్ పత్రంలో వ్రాసి ఉన్న వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం, 52వ సెక్షను చెబుతున్నది. కనుక సీట్ల మార్పుకు ముందుగానే రవాణా శాఖ అనుమతి తీసుకున్నాము. కాగితాలు సక్రమంగానే ఉన్నాయి. మా జాగ్రత్త కాగితాల దగ్గరే ఆగిపోయింది.

అనంతగిరి ఘాటులో

వ్యాన్ నేల భూమికి రెండడుగుల ఎత్తున ఉన్నది. మధ్యలో ఒక మెట్టు. ఎక్కడానికి వీలుగా ఉంటుందని పక్క తలుపు పైన, లోకప్పుకు, బజారులో కొన్న ఒక పిడిని నాలుగు మరలతో బిగించాము. పది నిమిషాల పని. మాలో అందరికంటె పొడగరి దానిని పట్టుకొని ఒకసారి ఊగి చూశాడు. "భేషుగ్గా ఉంది" అనుకున్నాము.

అరకు యాత్రలో మా మిత్రుని మాతృమూర్తి మాతో ఉన్నారు. ఆమె వయస్సు 74 సంవత్సరాలు. కాలనీ పిల్లలందరికీ ఆమె మామ్మగారే. అనంతగిరి దగ్గర కాఫీ తోటలు చూడటానికి ఆగి, తిరిగి బండి ఎక్కుతూ ఆమె మునివేళ్ల మీద లేచి, కుడిచేత్తో ఆ పిడిని అందుకున్నారు. మెట్టు మీద నుండి కాలు జారింది. శరీర భారమంతా పిడి మీద పడింది. పిడి మరలతో సహా ఊడి వచ్చింది. ఆమె వెనుకకు పడి ఎడమచేతిని నేలకు ఊనారు. మణికట్టు విరిగింది.

పడుతున్నప్పుడు కూడా ఆమె ఆ పిడిని విడువలేదు. ఆసుపత్రిలో కట్టు కట్టేంతవరకు అది ఆమె కుడిచేతిలోనే ఉన్నది. ఆమె మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. "ఇక బండిలో ఎక్కడికీ రాను బాబూ, మీరు వెళ్లి రండి" అని మాత్రం అన్నారు. ఆ మాట మమ్మల్ని తిట్టుకంటె ఎక్కువగా బాధించింది.

తప్పు ఎక్కడ జరిగింది?

కర్మాగారంలో ప్రమాదం జరిగితే మూలకారణం వెదకడం మన అలవాటు. ఇక్కడా అదే చేశాము. పిడికి ఒక్క గీత కూడా పడలేదు. మరలు వంగలేదు, విరగలేదు. లోపం వాటి వెనుక ఉన్నది.

వ్యాన్ పైకప్పు రేకు మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. మేము వాడినవి రేకును తామే కోసుకుంటూ దిగే మరలు. వాటి చుట్ల మధ్య దూరం 1.4 మి.మీ. అనగా ఒక్క పూర్తి చుట్టు కూడా రేకును పట్టుకోలేదన్నమాట. పైగా పిడిని క్రిందికి లాగినప్పుడు బలం మరను నేరుగా ఊడదీసే దిశలోనే పడుతుంది. ఘాటు రోడ్డు కుదుపులకు ఆ కొద్దిపాటి పట్టు కూడా సడలి ఉంటుంది.

రెండవ తప్పు కొలతలో ఉన్నది. ఆరడుగుల మనిషికి అందే ఎత్తులో పిడి పెట్టాము. దాని అవసరం ఎక్కువగా ఉన్న మామ్మగారి ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. ఆమెను మేము అడగనే లేదు.

క్రొత్త పిడి

ఆరు వారాల తరువాత కట్టు విప్పారు. ఒక ఆదివారం వ్యాన్‌ను ఆమె ఇంటి ముందు నిలిపి, ఎక్కనవసరం లేదని, ప్రక్కన నిలబడితే చాలునని బ్రతిమాలాము. ఆమె నేల మీద నిలబడి చేయి చాపినచోట ఒకటి, మెట్టు మీద నిలబడితే చేయి ఆనేచోట మరొకటి సుద్దతో గీతలు పెట్టాము. భూమి నుండి 90 సెం.మీ. దగ్గర మొదలై 140 సెం.మీ. దాకా వచ్చింది. అందుచేత క్రొత్త పిడి 50 సెం.మీ. పొడవున నిలువుగా ఉండాలని నిర్ణయించాము. నిలువు పిడి అయితే పిల్లలకు క్రింద, పెద్దలకు పైన అందుతుంది. ఎక్కుతున్నకొద్దీ చేతిని పైకి జరుపుకోవచ్చు.

స్థానం కోసం తలుపు వెనుక అంచున ఉన్న స్తంభాన్ని ఎంచుకున్నాము. అది రేకును మడిచి పెట్టెలాగ చేసిన భాగం, పైకప్పుకంటె ఎన్నో రెట్లు దృఢమైనది. బండి ఎక్కేవారికి అది కుడిచేతి వైపున ఉంటుంది. అక్కడ బిగించిన పిడిని బయటినుండి లాగితే బలం బోల్టులకు అడ్డంగా పడుతుంది తప్ప వాటిని ఊడదీసే దిశలో పడదు.

పిడికి 25 మి.మీ. వ్యాసం, 2 మి.మీ. మందం గల నల్ల ఇనుప గొట్టాన్ని మా డబ్బుతో బజారులో కొన్నాము. సంస్థ సామాను ఒక్క వాషరు కూడా వాడలేదని సవినయంగా మనవి చేస్తున్నాము. జింకు పూత ఉన్న గొట్టాన్ని కాల్చినా, వెల్డింగు చేసినా వచ్చే పొగ హానికరం కనుక దానిని తీసుకోలేదు. గొట్టం వంచేటప్పుడు నొక్కుకుపోకుండా లోపల ఇసుక దట్టించి, చివరలకు చెక్క బిరడాలు కొట్టి, ఎర్రగా కాల్చి వంచాము. ఇసుకను ముందుగా పెనం మీద వేయించి పూర్తిగా ఆరబెట్టాలి. తడి ఉంటే ఆవిరి పుట్టి గొట్టం పగిలే ప్రమాదం ఉన్నది. రెండు చివరలకు 5 మి.మీ. మందం గల పలకలు వెల్డింగు చేశాము. ఆ పని అంతా వ్యాన్‌కు దూరంగా, పెరటిలో జరిగింది.

కనిపించని పలక

అసలు బలం స్తంభం లోపల ఉన్నది. 75 మి.మీ. పొడవు, 40 మి.మీ. వెడల్పు గల రెండు ఇనుప పలకలకు నట్లు వెల్డింగు చేసి, స్తంభంలో తయారీదారులే వదిలిన రంధ్రం గుండా తీగ సహాయంతో లోనికి దించాము. ఒక్కొక్క పలకకు రెండు చొప్పున నాలుగు 8 మి.మీ. బోల్టులు బిగించాము. 8.8 తరగతికి చెందిన అటువంటి బోల్టు ఒక్కటే రెండు టన్నుల లాగుడుకు తట్టుకుంటుంది. కాని దాని క్రింద మామూలు వాషరు వేస్తే ఆ బలమంతా రూపాయి బిళ్ళకంటె చిన్న జాగా మీద పడి రేకు చిరుగుతుంది. మా పలక వైశాల్యం వాషరుకు సుమారు ఇరవై రెట్లు. బలం అంత మేర పంచుకుంటుంది.

రంధ్రాలు చేసే ముందు బ్యాటరీ తీగ విప్పాము. లోపలి తొడుగు తీసి తీగలు, తలుపు గడియ ఎక్కడున్నవో చూశాము. డ్రిల్లు బిట్టు మరీ లోతుకు పోయి వెలుపలి రేకును తాకకుండా దానికి ఒక చెక్కముక్క తొడిగాము. ఇనుప రజను అయస్కాంతంతో ఏరివేసి, కోసిన అంచులకు తుప్పు పట్టకుండా రంగు పూశాము. ఈనాటి క్రొత్త వాహనాలలో స్తంభాలలోను, తలుపుల పై అంచులలోను గాలిసంచులు ఉండవచ్చు. అటువంటి చోట రంధ్రం చేయడం ప్రాణాపాయం. సీటు బెల్టు బిగించిన చోటును కూడా తాకరాదు.

గొట్టం మీద 4 మి.మీ. నూలు తాడును వరుసగా బిగించి చుట్టాము. దానితో పిడి మందం 33 మి.మీ. అయింది. చెమట చేతికి జారదు, చలికి చల్లగా తగలదు. భవనాలలో వాడే పట్టుకమ్మీలకు అమెరికా వారి 2010 నాటి ప్రమాణాలు 32 నుండి 51 మి.మీ. వ్యాసాన్ని, గోడకు 38 మి.మీ. ఎడాన్ని నిర్దేశిస్తున్నాయి. మేము 40 మి.మీ. ఎడం ఉంచాము. వేళ్లు సులువుగా పట్టాలి, మోచేయి మాత్రం దూరి ఇరుక్కోకూడదు.

వేపచెట్టు పరీక్ష

ఈసారి ఊగి చూసి సంతృప్తి పడలేదు. పై ప్రమాణాలు కమ్మీ 250 పౌన్లు, అంటే సుమారు 113 కిలోల బలానికి నిలవాలంటున్నాయి. వ్యాన్ చక్రాలకు రాళ్లు పెట్టి, ఎదురుగా ఉన్న వేపచెట్టుకు పిడి ఎత్తున ఒక నూతి గిలక కట్టాము. పిడికి కట్టిన మోకును గిలక మీదుగా వేసి, రెండవ కొసకు రెండు సిమెంటు బస్తాలు, ఒక 25 కిలోల బియ్యం మూట వ్రేలాడదీశాము. మొత్తం 125 కిలోలు. మోకు తెగితే తగలకుండా అందరినీ దూరంగా నిలబెట్టాము. గంట తరువాత కొలిచి చూస్తే పిడి ఉన్నచోటనే ఉన్నది.

చివరగా కర్మాగారంలో చేసినట్లే ప్రతి బోల్టు తల మీదుగా పలక మీదికి ఒక ఎర్రరంగు గీత గీశాము. బోల్టు కొద్దిగా తిరిగినా గీత తెగి కనిపిస్తుంది. ప్రతి ప్రయాణానికి ముందు ఆ గీతలు చూడటం మా పిల్లల వంతు.

మళ్లీ ప్రయాణం

మామ్మగారు ఈ పరీక్షనంతా అరుగు మీద కూర్చుని చూస్తూనే ఉన్నారు. బస్తాలు దింపాక లేచి వచ్చారు. "నా బరువు ఆ మూటలలో సగం కూడా ఉండదు కదా" అంటూ కుడిచేత్తో పిడి పట్టుకున్నారు. ఒక క్షణం ఆగారు. మేము నలుగురం వెనుక చేతులు చాచి నిలుచున్నాము. ఆమె మెట్టు ఎక్కారు, లోపలికి వెళ్లి పడక మీద కూర్చున్నారు. దిగేటప్పుడు నిచ్చెన దిగినట్లు లోపలి వైపు తిరిగి, అదే పిడిని అదే చేత్తో పట్టుకొని దిగమని చెప్పాము. అలాగే దిగారు. 2024 ఫిబ్రవరిలో మాతో మరల అరకు వచ్చారు.

ఆమె ఎడమ మణికట్టు ఈనాటికీ పూర్తిగా తిరగదు. క్రొత్త పిడి ఎంత గట్టిదైనా ఆ లోటును తీర్చలేదు. విధులలో ప్రతి బోల్టుకూ లెక్క చూసే మేము, మన అనుకున్నవారి విషయంలో పది నిమిషాలలో పని ముగించాము. ఇంటి పని కదా అన్న చులకన భావమే దానికి కారణం.

పాఠకులకు మా విన్నపం ఒక్కటే. మీ స్నానాలగదిలో, మేడమెట్ల దగ్గర, బండిలో పెద్దవారు పట్టుకొనే పిడి ఏదైనా ఉంటే ఈ ఆదివారం ఒకసారి పరిశీలించండి. పిడి మెరుపును కాక, దాని వెనుక ఏమున్నదో చూడండి. దానిని పట్టుకొనేవారిని పిలిచి, వారి చేతికి అందుతున్నదో లేదో అడగండి. మేము ఆ రెండు పనులూ ముందే చేసి ఉంటే ఈ వ్యాసం వ్రాయవలసిన అవసరం కలిగేది కాదు.