మంట ఎందుకు ఆరినది?

మన జిల్లాలలో చలి కొద్ది వారాల అతిథి. ఆదిలాబాదు అడవి పల్లెలను మినహాయిస్తే కంబళితోను, వీధి చివర చితుకుల మంటతోను అది గడచిపోతుంది. మన కళాశాలలో చదివి, పై చదువులకో ఉద్యోగాలకో ఉత్తర అమెరికా చేరిన విద్యార్థుల సంగతి వేరు. షికాగో నగరంలో సున్నాకు దిగువన 20 డిగ్రీలకు ఉష్ణోగ్రత పడిపోయే రాత్రులున్నవి. మంచుకు అంతగా అలవాటుపడని టెక్సాస్ రాష్ట్రంలో కూడ 2021 ఫిబ్రవరిలో తుపాను వచ్చి, 40 లక్షలకు పైగా ఇళ్ళకు విద్యుత్తు నిలిచిపోయినది. డల్లాస్, హ్యూస్టన్ నగరాలలో మన తెలుగువారెందరో ఉన్నారు. ఆ రాత్రులలో వెచ్చదనం కొఱకు బొగ్గుల పొయ్యిని ఇంటిలోనికి తెచ్చుకొన్నవారు, మూసిన గరాజులో కారు ఇంజను నడిపి ఉంచినవారు కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు పాలయినారు. కొందరు ప్రాణాలే పోగొట్టుకొన్నారు.

అక్కడ విరివిగా అమ్మే సాధనం మరొకటి ఉన్నది. అది చేత పట్టుకొనిపోదగిన ప్రొపేన్ హీటరు. శిబిరాలలోను, గడ్డకట్టిన చెరువులపై చేపలు పట్టేవారి గుడారాలలోను దానిని వాడుతారు. దానికి ఒక పౌను, అనగా 450 గ్రాముల గ్యాసు పట్టే చిన్న డబ్బాను బిగిస్తారు. గంటకు 9,000 బి.టి.యు. వేడి, అంటే రెండున్నర కిలోవాట్ల విద్యుత్ హీటరు ఇచ్చేంత వేడి ఇచ్చే రకము పూర్తి మంటపై ఆ డబ్బాను రెండున్నర గంటలలోపుననే ఖాళీ చేస్తుంది. అందుచేత చాలామంది ఒక రబ్బరు గొట్టం కొని, హీటరును 20 పౌన్ల, అనగా 9 కిలోల సిలిండరుకు తగిలిస్తారు. అది 48 గంటలు వస్తుంది. లెక్క బాగానే ఉన్నది. అయితే చిన్న డబ్బాపై చక్కగా వెలిగిన హీటరు పెద్ద సిలిండరుకు తగిలించగానే అలుగుతుంది. వెలగదు, వెలిగినా నిలువదు, నిలిచినా మిణుకుమిణుకుమంటుంది. దీనిని గూర్చి తెలుగులో వ్రాయమని మా పూర్వ విద్యార్థులు కొందరు కోరినారు. మేము భాషాధ్యాపకులము. భౌతిక, రసాయనశాస్త్ర శాఖల మిత్రులను తగినంత విసిగించిన పిమ్మటనే ఈ వ్యాసమునకు పూనుకొన్నాము.

ముందుగా ప్రొపేన్ స్వభావం తెలియవలెను. మన వంటింటి గ్యాసు బండలో ఉన్నది ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. బ్యూటేన్ సున్నాకు అర డిగ్రీ దిగువన మరుగుతుంది. షికాగో చలిలో అది ద్రవంగానే పడి ఉంటుంది గాని ఆవిరి కాదు. ప్రొపేన్ సున్నాకు 42 డిగ్రీల దిగువన మరుగుతుంది కనుక అక్కడ అదే శరణ్యం. సిలిండరులో అడుగున ద్రవము, పైన ఆవిరి ఉంటాయి. ఆ ఆవిరి ఒత్తిడి 20 డిగ్రీల వెచ్చదనంలో వాతావరణ పీడనానికి ఎనిమిది రెట్లు పైబడి ఉంటుంది. సున్నా వద్ద అది నాలుగున్నర రెట్లకు, మరి 20 డిగ్రీలు పడితే రెండున్నర రెట్లకు లోపునకు దిగుతుంది. పగలు బాగుగా మండినది తెల్లవారుజామున నీరసించడానికి ఇదొక కారణం. రెండవ కారణమును మన పెళ్ళి వంటల దగ్గర నిలబడిన వారందరూ చూచియుందురు. బిర్యానీ భట్టీకి తగిలించిన 19 కిలోల బండకు ఎండాకాలంలోను అడుగున తెల్లగా మంచు పట్టుతుంది. ద్రవం ఆవిరి కావడానికి కావలసిన వేడిని తన ఒంటినుండే తీసుకొనడం వలన బండ చల్లబడి, ఒత్తిడి తగ్గుతుంది. వంటవారు దానిని నీళ్ళ తొట్టిలో నిలబెట్టుట ఇందుకే. చిన్న డబ్బా ఈ విధంగా త్వరగా డస్సిపోతుంది. పెద్ద సిలిండరుకు ఒళ్ళు ఎక్కువ కనుక బయటి గాలినుండి వేడిని కొంత రాబట్టుకొనగలదు.

ఇంకొక సంగతి. ద్రవం ఒక్క గిన్నెడు మిగిలి ఉన్నంతవరకు ఒత్తిడి తగ్గదు. ఒత్తిడి కొలిచే మీటరును చూచి సగం ఉన్నది, పావు ఉన్నది అనుకొనుట భ్రమ. తూచి తెలుసుకొనుటయే మార్గం. ఖాళీ బరువు సిలిండరు మెడ దగ్గర అచ్చువేసి ఉంటుంది. అది సుమారు 8 కిలోలు.

ఇక లోపమును వెదకు విధానం. మా మిత్రులు చెప్పిన మొదటి సూత్రం మాకు సంధి విడదీసినట్లే తోచినది. పెద్ద సిలిండరును, గొట్టమును తొలగించి మరల చిన్న డబ్బాను బిగించి చూడవలెను. చక్కగా మండితే హీటరు నిర్దోషి, దోషం సిలిండరు నుండి గొట్టం చివర వరకు ఎక్కడనో ఉన్నది. డబ్బాపై కూడ మండకున్న దోషం హీటరులోనే ఉన్నది. ఈ ఒక్క పరీక్ష చేయక రెగ్యులేటరులు, గొట్టాలు, చివరకు కొత్త హీటరే కొన్నవారి కథలు మేము విన్నాము.

గొట్టం వైపు దోషమైతే, అందరికన్న ముందు అనుమానించదగినది మన తొందరపాటు. అమెరికా సిలిండర్లకు తగిలించే చేతితో బిగించు ప్లాస్టిక్ నట్టులో గ్యాసు ఒక్కసారిగా ఉరికితే దారి మూసే ఏర్పాటు ఉంటుంది. గొట్టం తెగినప్పుడు ఇల్లు తగులబడకుండ చేసిన ఏర్పాటు అది. వాల్వును గబాలున తిప్పితే గొట్టమే తెగినదని అది పొరబడి గ్యాసును బిగబడుతుంది. అప్పుడు వాల్వు మూసి, నట్టు విప్పి, కొంతసేపు ఆగి, తిరిగి బిగించి, వాల్వును మెల్లమెల్లగా తెరువవలెను. గొట్టం కొత్తగా తగిలించినప్పుడు అందులో నిండి ఉన్నది గాలి కనుక, అది వెళ్ళి గ్యాసు వచ్చేవరకు పైలట్ మంట బొత్తామును మరికొంతసేపు నొక్కిపట్టుకొనుట కూడ అవసరం.

రెగ్యులేటరు విషయం కొంత సూక్ష్మమైనది. చిన్న డబ్బా బిగించే చోటు లోపలనే ఈ హీటర్లకు సొంత రెగ్యులేటరు ఉన్నది. సిలిండరు పూర్తి ఒత్తిడిని అదే తగ్గించుకొంటుంది. మన అలవాటు చొప్పున సిలిండరు దగ్గర మరొక రెగ్యులేటరు పెట్టి అదే చోటికి తగిలిస్తే, ఒకసారి తగ్గినది మరల తగ్గి మంటకు ఆకలి తీరదు. దీనికి విపర్యయం ప్రమాదకరం. కొన్ని పెద్ద రకాలలో తక్కువ ఒత్తిడి గ్యాసుకే ఉద్దేశించిన రెండవ ద్వారం ఉంటుంది. దానికి రెగ్యులేటరు లేని గొట్టమును ఎన్నడును తగిలించరాదు.

నెలలు గడచిన పిమ్మట వచ్చే జబ్బు మరొకటి. రబ్బరును మెత్తగా ఉంచుటకు కలిపే నూనెవంటి పదార్థం కొన్ని గొట్టాలలో పూర్తి ఒత్తిడిలోనున్న ప్రొపేన్‌లో కరిగి, హీటరులోనికి చేరి, సూది మొనవంటి రంధ్రములలో జిగురుగా పేరుకొంటుంది. మంట రోజురోజుకు చిన్నదవుతుంది. గొట్టం చివర చిన్న వడపోత బిగించుట, లేదా ఆ నూనె లేని గొట్టము కొనుట దీనికి ఉపాయం. పని కాగానే గొట్టమును విప్పివేయుట అంతకన్న చౌక ఉపాయం.

దోషం హీటరులోనే ఉన్నదనుకొందాం. వేసవి అంతా మూలన పడియున్న హీటరులో దుమ్ము చేరుతుంది, సాలెపురుగు గూడు కట్టుతుంది. పైలట్ మంట నీలంగా, సూటిగా కాక పసుపుగా, సోమరిగా మండుతూ ఉంటే దానిని అనుమానించవలెను. ఊదిన గాలితో శుభ్రం చేయవచ్చును గాని పిన్నీసు దూర్చి రంధ్రమును పెద్దది చేయరాదు. పైలట్ మంట తగిలేచోట థర్మోకపుల్ అనే లోహపు కడ్డీ ఉన్నది. వేడికి అది 20, 30 మిల్లీవోల్టుల విద్యుత్తు పుట్టిస్తుంది. ఆ స్వల్ప విద్యుత్తే గ్యాసు వాల్వును తెరచి పట్టుకొంటుంది. కడ్డీకి మసి పట్టినా, మంట దానికి తగలకున్నా, బొత్తామును వదలగానే హీటరు ఆరిపోతుంది. ఒరిగితే ఆరిపోయే మీట మరొకటి ఉన్నది కనుక, కింద నేల సమంగా ఉన్నదా అని కూడ చూడవలెను.

అన్నీ సరిగా ఉన్నవి, గంటసేపు బాగుగా మండినది, ఆపై దానంతట అదే ఆరినది. తిరిగి వెలిగిస్తే మరల ఆరినది. మేము ఈ వ్యాసం వ్రాయుటకు అసలు కారణం ఇదే. ఇక్కడ ఏ భాగమూ చెడలేదు. గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం ఉండవలెను. అది 18 శాతమునకు దిగినప్పుడు పైలట్ మంట చలించి, థర్మోకపుల్‌ను విడిచి పైకి లేచిపోవునట్లు దానిని నిర్మించినారు. విద్యుత్తు ఆగుతుంది, వాల్వు మూతబడుతుంది. ఇది మనకు పరాయి విద్య కాదు. సింగరేణి గనులలో మైనింగ్ సర్దారులు చేతబట్టిన రక్షణ దీపం ఈ సూత్రముపైననే ఆధారపడినది. 1815లో హంఫ్రీ డేవీ రూపొందించిన దీపపు సంతతి అది. మంట పొడవెక్కితే మండే వాయువు ఉన్నదని, మంట కుంగితే ప్రాణవాయువు తగ్గినదని వారికి అర్థం. దీపం ఆరినచోట దీపాన్ని తిట్టుకొనే గని కార్మికుడు లేడు. అతడు బయటికి నడుస్తాడు. హీటరు దగ్గర మాత్రం విద్యావంతులే బొత్తామును తీగతో కట్టివేసి, థర్మోకపుల్‌ను మంటలోనికి వంచి, కాపలావానిని నిద్రపుచ్చుతున్నారు. కిటికీ తెరచి, గాలి మారిన తరువాత వెలిగించి చూచుటయే ఇక్కడ సరియైన మరమ్మతు. సుమారు 7,000 అడుగులు దాటిన కొండలమీద, అనగా మన ఊటీ అంతటి ఎత్తున, గాలి పలుచన వలన కూడ ఇది ఆరవచ్చును. అక్కడ కూడ దానిని మోసగించరాదు.

ఈ కాపలావానికి ఒక పరిమితి ఉన్నది. అతడు ఆక్సిజన్ తగ్గుటను చూస్తాడు గాని కార్బన్ మోనాక్సైడును చూడలేడు. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను కన్న దానిని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొంటుంది. ఉత్తర హిందూస్థానంలో చలికాలమున అంగీఠీ వెలిగించి, తలుపులు బిగించి పడుకొన్న కుటుంబాలు లేవకపోవుట పత్రికలలో చదువుతూనే ఉన్నాము. మన బాలింత గదిలోని కుంపటిదీ ఆ జాతియే. మన పూర్వపు ఇండ్లకు పెంకుల సందులుండేవి కనుక గండం తప్పినది. గాలి చొరకుండ కట్టిన అమెరికా ఇంట ఆ సందులు లేవు. బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడు అలారం లేకుండ ఈ హీటరును వెలిగించరాదని, వెలిగించి నిద్రపోరాదని మా దృఢాభిప్రాయం.

గ్యాసు కారుటకు పరీక్ష సబ్బు నురుగుతోనే, అగ్గిపుల్లతో కాదు. ప్రొపేన్‌కు స్వతహాగా వాసన లేదు. మనకు తెలిసిన ఆ దుర్వాసన మెర్కాప్టన్ అనే పదార్థం కలుపుట వలన వచ్చినది. 1937 మార్చిలో టెక్సాస్‌లోని న్యూ లండన్ పాఠశాలలో వాసన లేని సహజవాయువు నేల కింద చేరి పేలగా దాదాపు 300 మంది, అధిక భాగం బాలబాలికలు, మరణించినారు. ఇంధన వాయువులో వాసన కలుపుటను తప్పనిసరి చేసిన చట్టాలు ఆ పిమ్మట వచ్చినవే. ప్రొపేన్ గాలికన్న ఒకటిన్నర రెట్లు బరువు కనుక నేలబారున, పల్లములలో నిలుస్తుంది. 9 కిలోల సిలిండరును ఇంటిలో ఉంచుటకు అక్కడి నియమాలు ఒప్పుకొనవు. అది బయట, నిటారుగా ఉండవలెను. పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవమే గొట్టములోనికి దిగి మంట ఒక్కసారిగా ఎగయుట సంభవం. ఆర్పునప్పుడు ముందు సిలిండరు వాల్వును మూయవలెను. గొట్టంలో మిగిలిన గ్యాసు మండిపోయి మంట తానై ఆరిన పిమ్మట హీటరు బొత్తామును మూసి, చల్లారిన తరువాత గొట్టం విప్పి, రెండు చివరలకు దుమ్మూ పురుగూ చొరకుండ మూతలు పెట్టవలెను.