మేస్త్రికి నచ్చని మైనం

ఇంటికి రంగులనగానే మొదట బజారుకు వెళ్లి పల్చటి ప్లాస్టిక్ షీటు తెచ్చాను. నేలంతా పరిచి మురిసిపోతుంటే పెయింటింగ్ మేస్త్రి పెదవి విరిచాడు. "దీని మీద నిచ్చెన వేస్తే నా నడుం గతేంటండీ? పాత దుప్పట్లుంటే పడేయండి" అన్నాడు. ఆ షీటు పుట్టుక తెలిస్తే, ఆయన మాటలో ఎంత రసాయన శాస్త్రం ఉందో అర్థమవుతుంది.

1933 మార్చి. ఇంగ్లండ్‌లోని విన్నింగ్టన్‌లో ఐసీఐ కంపెనీ ప్రయోగశాల. రెజినాల్డ్ గిబ్సన్, ఎరిక్ ఫాసెట్ కలిసి ఇథిలీన్ వాయువునూ బెంజాల్డిహైడునూ 170 డిగ్రీల వేడిలో, మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 1,900 రెట్ల ఒత్తిడిలో బంధించారు. ఆ రెండూ కలవనే లేదు. పాత్ర విప్పితే లోపల తెల్లటి మైనం లాంటిది కనిపించింది. ఇథిలీన్‌తో మళ్లీ ప్రయత్నిస్తే పేలుడు ఎదురైంది. పని మూలన పడింది.

1935 డిసెంబరులో మైకేల్ పెర్రిన్ బృందం దాన్ని మళ్లీ ఎత్తుకుంది. ఎక్కడో లీకై ఒత్తిడి తగ్గిపోతుంటే ఇంకాస్త ఇథిలీన్ ఎక్కించారు. ఈసారి ఆ మైనం, అంటే పాలిథీన్, సుమారు 8 గ్రాములు చేతికొచ్చింది. కొత్తగా ఎక్కించిన వాయువులో లేశమంత ఆక్సిజన్ ఉంది, చర్యను రగిలించింది అదే. లీకేజీకి మనం దండం పెట్టాల్సిన సందర్భాలు అరుదు! 1939లో ఫ్యాక్టరీ ఉత్పత్తి మొదలైంది. యుద్ధకాలంలో అది రాడార్ కేబుళ్లకు తొడుగయింది. పల్చటి షీటుగా మన ఇళ్లకు చేరింది ఆ తర్వాతే.

పాలిథీన్ అంటే కార్బన్, హైడ్రోజన్ తప్ప మరేమీ లేని పొడవాటి గొలుసులు. నీటిని దగ్గరికి రానివ్వవు. అందుకే షీటు మీద పడ్డ ఎమల్షన్ (నీళ్లతో కలిపే రంగు) చుక్క ఇంకదు, పై నుంచి మాత్రమే ఆరాలి. ఈలోగా దాన్ని తొక్కిన కాలు వంటగది దాకా అడుగులు వేసుకుంటూ పోతుంది. ఆరాక కూడా అంటిపెట్టుకుని ఉండదు, పొలుసులుగా లేచి ఎగురుతుంది. నూలు గుడ్డ తీరు వేరు. దాని పోగులు చుక్కను పీల్చుకుని పట్టి ఉంచుతాయి, కాలికీ పట్టు దొరుకుతుంది. అయితే పల్చటి దుప్పటిలోంచి ఎనామిల్ రంగు నేల బండల మీదికి దిగుతుంది, రెండు మడతలు తప్పవు. గోనెపట్టాకు కన్నాలెక్కువ, నేను దాన్ని నమ్మను.

షీటు చోటు సోఫా మీద, బీరువా మీద. నడవని చోట దానికి తిరుగులేదు. దుకాణంలో గేజు అడగండి: 100 గేజంటే సుమారు 25 మైక్రాన్లు, మిల్లీమీటరులో నలభయ్యో వంతు. కప్పడానికి అది చాలు. నేలకు తప్పదనుకుంటే షీటు కింద, మందపాటి గుడ్డ పైన. షీటు అంచులు టేపుతో అంటించాలి.

పనంతా అయ్యాక మేస్త్రి దుప్పట్లను లోపలికి మడిచి, వీధిలోకి తీసుకెళ్లి దులిపాడు. పోతూ పోతూ నా షీటు అడిగి పట్టుకెళ్లాడు. వానొస్తే లప్పం సంచుల మీద కప్పడానికట.