బైక్ ఇంజిన్ కవర్ మార్చొచ్చా? ఆర్‌సీ, బీమాకు చిక్కు రాకుండా ఏం చూసుకోవాలి?

వరి కోతలు మొదలైతే బాన్సువాడ చుట్టుపక్కల రోడ్ల మీద ధాన్యం ఆరబోతలు మామూలే. రాత్రిపూట ఎదురు లైటు వెలుగులో కుప్ప కనపడక బండి జారి పక్కకు పడిందనుకోండి. మనిషికి పెద్దగా దెబ్బ తగలకపోయినా ఇంజిన్ కవర్ పగలొచ్చు. మర్నాడు పొద్దున చూస్తే బండి కింద ఆయిల్ మరక.

మెకానిక్ దగ్గరికి వెళ్తే మీ ముందు మూడు నాలుగు దారులుంటాయి. కంపెనీ కవర్ వేయించుకోవచ్చు. పగులును ఆర్గాన్ వెల్డింగ్‌తో అతికించొచ్చు. ఎలాగూ మారుస్తున్నాం కదా అని నల్ల రంగుదో, క్రోమ్‌దో పెట్టించుకోవచ్చు. లేదా "పాత బండి ఇంజిన్ బాడీ ఉంది, తక్కువలో వేసేస్తా" అనే మాట వినపడొచ్చు. మొదటి మూడింటితో చట్టపరంగా ఇబ్బంది లేదు. నాలుగోదే చిక్కు. ఆ తేడా ఏంటో, కవర్ మార్పించేటప్పుడు ఏం గమనించాలో చూద్దాం.

కవర్ వేరు, క్రాంక్‌కేస్ వేరు

ఇంజిన్ మధ్యలో ఉండే అసలు బాడీని క్రాంక్‌కేస్ అంటారు. దానికి రెండు పక్కలా బోల్టులతో బిగించే మూతలే ఇంజిన్ కవర్లు. మన దగ్గర తిరిగే చాలా బండ్లలో కుడివైపున క్లచ్ కవర్, ఎడమవైపున మాగ్నెట్ కవర్ ఉంటాయి. పైన హెడ్ మీద ఉండేది ట్యాపెట్ కవర్.

ఇంజిన్ నంబరు ఉండేది సాధారణంగా క్రాంక్‌కేస్ మీద. మోటారు వాహనాల కేంద్ర నిబంధనలు-1989లోని 122వ నిబంధన ప్రకారం తయారీ కంపెనీలు ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరును బండి మీద చెక్కాలి. ఆర్‌సీలో ఉండేవి ఆ నంబర్లే. మీ బండికి అవి ఎక్కడున్నాయో బండితో పాటు ఇచ్చిన పుస్తకంలో బొమ్మతో సహా ఉంటుంది. ఒకసారి గుడ్డతో మట్టి తుడిచి, ఆర్‌సీతో పోల్చుకోండి.

పక్క కవర్ మారిస్తే ఆ నంబరుకు ఏమీ కాదు. క్రాంక్‌కేస్ మారిస్తే మాత్రం నంబరే మారిపోతుంది. అప్పుడు కాగితం మీద ఉన్న బండి ఒకటి, మీరు నడిపే బండి ఇంకొకటి.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టం-1988లోని సెక్షన్ 52 దీని గురించే. కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీలోని వివరాలకు తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. బండి నిర్మాణంలో మార్పు చేసి, దాని మూల స్వరూపం మారితే దాన్ని 'ఆల్టరేషన్' అంటారు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా మార్పులు చేయడం కుదరదని తేల్చింది.

అదే కొలతలున్న కవర్ వేయడం, దానికి రంగు వేయించడం ఈ లెక్కలోకి రావు. ఇంజిన్ సామర్థ్యం మారదు, నంబరు మారదు, ఆర్‌సీలో రాసిన ఏ వివరమూ మారదు. కాబట్టి కవర్ మార్పుకు ఆర్టీఏ ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు.

నిబంధనలకు విరుద్ధంగా బండిని మారిస్తే మాత్రం 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ(4) వర్తిస్తుంది. ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ పడొచ్చు. పైగా ఇంజిన్ నంబరు ఆర్‌సీతో కలవకపోతే తనిఖీలో మొదట వచ్చేది దొంగ బండి అన్న అనుమానమే. ఆ పాత ఇంజిన్ ఏ బండిదో, అది ఎలా స్క్రాప్‌కు వచ్చిందో మీకు తెలియదు. జవాబు చెప్పుకోవాల్సింది మాత్రం మీరే.

క్రాంక్‌కేస్ మార్చక తప్పకపోతే?

దెబ్బ గట్టిగా తగిలి క్రాంక్‌కేసే పగిలితే, పని మొదలుపెట్టకముందే రవాణా శాఖ అధికారులను కలిసి అనుమతి తీసుకోండి. అనుమతి లేకుండా ఇప్పటికే మార్పు జరిగిపోయి ఉంటే, అది జరిగిన 14 రోజుల్లోపు ఆర్‌సీతో పాటు రిజిస్టరింగ్ అధికారికి తెలియజేయాలని సెక్షన్ 52 చెబుతోంది. కొత్త క్రాంక్‌కేస్ బిల్లు, పాత భాగం రెండూ దగ్గర ఉంచుకోండి. పాత నంబరును మెకానిక్‌తో కొట్టించడం, గీకించడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు.

ఇక్కడ బాన్సువాడవాళ్లకు ఒక సందేహం రావొచ్చు. పాత బండ్ల మీద ఏపీ 25 అనో, టీఎస్ 16 అనో నిజామాబాద్ కోడ్ ఉంటుంది. 2016 అక్టోబరులో కామారెడ్డి జిల్లా ఏర్పడ్డాక టీఎస్ 17, 2024 మార్చి నుంచి టీజీ 17 వచ్చాయి. మరి ఏ ఆఫీసుకు వెళ్లాలి? మీరు ఇప్పుడు ఎక్కడ నివాసం ఉంటున్నారో ఆ పరిధిలోని రిజిస్టరింగ్ అధికారికే చెప్పాలన్నది చట్టం. అంటే నిజామాబాద్‌లో రిజిస్టరైన బండికైనా కామారెడ్డి జిల్లా అధికారులనే కలవాలి. మార్పు వివరాలను మొదటి ఆఫీసుకు పంపడం వాళ్ల పని. బండి మీద ఫైనాన్స్ ఉంటే ఆ సంస్థకూ ముందే చెప్పండి.

కవర్ మార్చేటప్పుడు దగ్గరుండి చూడాల్సినవి

కవర్ మార్చడం చిన్న పనే. కానీ బిగింపులో తేడా వస్తే ఆయిల్ కారి వెనక టైరు మీద పడొచ్చు. మలుపులో అది ప్రాణం మీదకు తెస్తుంది. అందుకే ఇవి గమనించండి.

- బండిని మెయిన్ స్టాండ్ వేసి, ఇంజిన్ చల్లారాక ముందు ఆయిల్ దించాలి. ఆ పాత ఆయిల్‌ను కాలువలో, మోరీలో పోయనివ్వొద్దు.
- బోల్టుల పొడవులు అన్నీ ఒకేలా ఉండవు. అట్టముక్క మీద కవర్ ఆకారం గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చితే తారుమారు కావు. పొడవు బోల్టు పొట్టిదాని చోట పడితే క్రాంక్‌కేస్ పగలొచ్చు.
- కవర్ ఊడకపోతే స్క్రూడ్రైవర్ పెట్టి తన్నకూడదు. అంచున గీత పడితే అక్కడి నుంచే ఆయిల్ కారుతుంది. రబ్బరు సుత్తితో మెల్లగా తట్టాలి.
- కవర్‌కు, క్రాంక్‌కేస్‌కు మధ్య ఉండే ప్యాకింగ్‌ను, అంటే గ్యాస్కెట్‌ను, కొత్తది వేయించండి. గమ్ ఎక్కువ పూస్తే లోపలికి వెళ్లి ఆయిల్ జాలికి అడ్డుపడుతుంది.
- కవర్‌ను సరైన చోట నిలబెట్టే చిన్న డోవెల్ పిన్నులు పాత కవర్‌లోనే ఉండిపోయాయేమో చూడండి.
- బోల్టులను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. అల్యూమినియంలో త్రెడ్ తేలిగ్గా పోతుంది. ఈ చిన్న బోల్టులకు చాలా బండ్లలో 10 న్యూటన్ మీటర్ల బిగింపు సరిపోతుంది.
- మాగ్నెట్ కవర్ అయితే చాలా మోడళ్లలో కాయిల్ ఆ కవర్‌కే ఉంటుంది. కొత్త కవర్‌లోకి కాయిల్ మార్చేటప్పుడు వైరు నలిగితే బ్యాటరీ చార్జింగ్ ఆగిపోతుంది.
- పుస్తకంలో చెప్పిన గ్రేడ్ ఆయిల్ పోయించి, పది నిమిషాలు ఇంజిన్ నడిపి, కవర్ చుట్టూ వేలితో తడిమి చూడండి. మర్నాడు బండి కింద ఒక కాగితం పరిచి ఇంకోసారి చూడండి.

రంగు, క్రోమ్, పారదర్శక కవర్లు... ఏది మంచిది?

అందం కోసమైతే పౌడర్ కోటింగ్ గట్టిగా నిలబడుతుంది. అయితే దీన్ని 200 డిగ్రీల దగ్గర వేడిలో కాలుస్తారు. కాబట్టి ఆయిల్ సీళ్లు, రబ్బర్లు ముందే తీసేయాలి. ప్యాకింగ్ కూర్చునే అంచుకు, బోల్టు రంధ్రాలకు రంగు అంటకూడదు. సిలిండర్ చుట్టూ ఉండే రెక్కలకు మందంగా రంగు వేయించొద్దు. గాలితో ఇంజిన్ చల్లబడేది వాటి వల్లే.

లోపలి క్లచ్ కనిపించే పారదర్శక కవర్లు చూడ్డానికి బాగుంటాయి. కానీ రాయి తగిలినా, బండి పడినా లోహపు కవరంత తట్టుకోవు. రోజూ కంకర రోడ్ల మీద తిరిగే బండికి లోహానిదే నయం. ఏ రంగు వేయించినా ఇంజిన్ నంబరు మీద పడనివ్వొద్దు. అది చదవడానికి వీల్లేకపోతే బండి అమ్మేటప్పుడు కూడా కొనేవాళ్లు అనుమానిస్తారు.

బీమా డబ్బు వస్తుందా?

థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే మీ బండి కవర్‌కు పైసా రాదు. సొంత నష్టం కూడా కలిసిన పాలసీ ఉంటే వస్తుంది. కానీ తరుగుదల కోస్తారు. లోహపు భాగాలకు బండి వయసు రెండు నుంచి మూడేళ్లయితే 15 శాతం, మూడు నుంచి నాలుగేళ్లయితే 25 శాతం, పదేళ్లు దాటితే 50 శాతం. పైగా క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. సొంత నష్టం ప్రీమియంలో 20 శాతంతో మొదలై 50 శాతం దాకా వచ్చే రాయితీ అది. చిన్న కవర్ కోసం దాన్ని వదులుకోవాలా అన్నది లెక్క వేసుకుని నిర్ణయించుకోండి. ఖరీదైన కస్టమ్ కవర్లు పెట్టిస్తే బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి. లేదంటే క్లెయిమ్ సమయంలో వాటి విలువను లెక్కలోకి తీసుకోకపోవచ్చు.

బిల్లు లేకుండా వదలొద్దు

విడిభాగం ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ, తయారీదారు పేరు ఉండాలి. వాహన విడిభాగాల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 18 శాతమే. బిల్లులో 28 శాతం వేస్తే అడగండి. నకిలీ భాగం అంటగట్టినా, పని సరిగ్గా చేయకపోయినా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. బిల్లు ఉంటేనే ఆ ఫిర్యాదుకు బలం.

ఇక పాత బండి ఇంజిన్ బాడీ తక్కువలో వేస్తామన్న మాట విన్నప్పుడు మెకానిక్‌ను ఒక్కటే అడగండి: "దీంతో నా ఇంజిన్ నంబరు మారుతుందా?" మారుతుందంటే అక్కడితో ఆపి, ముందు ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లండి. మారదంటే, కొత్త ప్యాకింగ్ వేయమని చెప్పి పని కానివ్వండి.