టీ గురించి నిమిషం మాట్లాడగలరా?

క్యాంపస్ సెలక్షన్లలో ‘జామ్’ రౌండ్ ఉంటుంది కదా. ఇచ్చిన అంశంపై నిమిషం పాటు ఆగకుండా మాట్లాడాలి. నాకొచ్చిన అంశం ‘టీ’. అనంతపురంలో రోజుకు నాలుగు టీలు తాగేవాణ్ని. అయినా ఇరవై సెకన్లకే మాట ఆగిపోయింది. ఉద్యోగం రాలేదు.

తర్వాత ఒక్క ప్రశ్న వేసుకున్నా. మన దగ్గర ‘టీ’ అంటాం, హైదరాబాద్‌లో ‘చాయ్’ అంటారు. ఎందుకని?

రెండింటి మూలమూ చైనాయే. రాసే అక్షరం ఒకటే. అక్కడ ఎక్కువ ప్రాంతాల్లో దాన్ని ‘చా’ అని, ఫుజియాన్ దక్షిణ తీరంలో ‘తే’ అని పలుకుతారు. ‘చా’ భూమార్గంలో పర్షియా చేరి ‘చాయ్’ అయింది. అక్కడి నుంచి హిందీ, ఉర్దూల్లోకి వచ్చింది. ‘తే’ 17వ శతాబ్దంలో డచ్ వర్తకుల ఓడలెక్కి యూరప్ వెళ్లింది. ఇంగ్లిష్‌లో ‘టీ’ అయి మన దాకా వచ్చింది. మన ‘తేయాకు’, ‘తేనీరు’లలో ఉన్నదీ ఆ ‘తే’నే.

వాన తక్కువగా పడే మన జిల్లాలో తేయాకు పండదు. మొక్క రాలేని చోటికి మాట వచ్చేసింది!

చూశారా, నిమిషం నిండిపోయింది. రేపు మీకు ‘గొడుగు’ రావచ్చు, ‘చెప్పులు’ రావచ్చు. ఎక్కడ పుట్టింది, ఏ దారిన వచ్చింది, మన ఊళ్లో ఏమైంది? ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి. సాయంత్రం టీ అంగడి దగ్గర ఫ్రెండ్ చేతికి ఫోన్ ఇచ్చి, టైమర్ పెట్టమనండి.