ద్రాక్షతోటలో నారికేళపాకము

కావ్యరసము పాఠకునకు అందు తీరునుబట్టి మన ఆలంకారికులు పాకములను మూడు విధములుగా చెప్పిరి. నోట వేసికొన్నంతనే రసమునిచ్చునది ద్రాక్షాపాకము. తోలు ఒలిచిన పిమ్మట రుచించునది కదళీపాకము. పీచు తీసి, పెంకు పగులగొట్టినగాని లోని తీపి తెలియనిది నారికేళపాకము. అయితే ద్రాక్షపండునుండియే పుట్టి, నారికేళపాకమునకు వలసినంత ఓర్పును కోరు పదార్థమొకటి ఫ్రాన్సు దేశమున కలదు. అది బోర్డో ప్రాంతపు ఎఱ్ఱని ద్రాక్షాసవము. క్రొత్తగా నున్నప్పుడు అది నాలుకను బిగబట్టు వగరు. పది పదునైదేండ్లు చీకటి గదిలో నిదురించిన పిదపగాని దాని సౌమ్యత బయటపడదు. అట్టి ఆసవములలో నొకటియైన సోసియాందో-మాలె చరిత్ర పానప్రియులకే గాక, ఒకసారి వేసిన మార్కులు ఎంతకాలము చెల్లవలయునని ఆలోచించు వారికందరికిని ఆసక్తి గొలుపును.

బోర్డో నగరమునకు ఉత్తరముగా, జిరోండ్ నదీముఖమునకును అట్లాంటిక్ మహాసముద్రమునకును నడుమ మెదొక్ అను సీమ వ్యాపించియున్నది. నదిని చూచు తీగెయే మేలైన తీగె యని అచ్చటి రైతుల నానుడి. సేం-సెరేం-ద-కదూర్న్ అను గ్రామమున, నదికి ఎదురుగా, ఒక కంకరదిబ్బపై ఈ తోట యున్నది. పైనున్న కంకర నీటిని నిలువనీయదు. పగటి వేడిని దాచుకొని రాత్రివేళ పండ్లకిచ్చును. అడుగున నున్న బంకమన్ను వేసవిలో వేళ్ళకు తేమ నందించును. చెంతనున్న విశాల జలరాశి వసంతకాలపు మంచు తీవ్రతను తగ్గించును. ఇట్టి నేలకు కీర్తి దక్కుట సహజమని తోచును. కాని కీర్తి నేలనుబట్టియే వచ్చునది కాదు.

1855 లో పారిస్ నగరమున జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనము కొఱకు మూడవ నెపోలియన్ చక్రవర్తి కోరికపై బోర్డో దళారులు ఆ ప్రాంతపు ఎఱ్ఱని ఆసవములను ఐదు తరగతులుగా విభజించిరి. వారు అనుసరించిన ప్రమాణము ముఖ్యముగా ధర. ఏ తోట సరకు బజారులో ఎక్కువ పలుకుచుండెనో అది పై తరగతికి చేరెను. ఒక ప్రదర్శనము కొఱకు వ్రాసిన ఆ జాబితా శాసనమువలె నిలిచిపోయెను. నాటినుండి నేటివరకు తరగతి పెరిగినది ఒక్క మూటన్ రోత్‌షీల్డ్ మాత్రమే. అదియును 1973 లో. మంచి ధర పలికినది గనుక పేరు వచ్చెను; పేరు వచ్చినది గనుక మంచి ధర పలుకుచుండెను. ఈ వలయమునకు వెలుపల నుండిన తోటలలో సోసియాందో-మాలె ఒకటి.

జాబితా వచ్చిన కొలది కాలమునకే మెదొక్ సీమకు చెడ్డదినములు వచ్చెను. అమెరికానుండి వచ్చిన ఫిలాక్సెరా అను పురుగు ద్రాక్షవేళ్ళను తినివేసెను. అమెరికా తీగెల వేళ్ళపై ఫ్రెంచి తీగెలను అంటుగట్టి రైతులు తోటలను కాపాడుకొనిరి. తరువాత రెండు ప్రపంచయుద్ధములును, వాని నడుమ ఆర్థికమాంద్యమును, 1956 ఫిబ్రవరిలో తీగెలను చంపిన మంచును తటస్థించెను. పెక్కు తోటలు పాడువడెను.

1969 లో ఝాన్ గోత్రో అను మద్యవర్తకుడు ఒక బెల్జియం ఖాతాదారు కొఱకు తోటను వెదకుచు ఈ దిబ్బపైకి వచ్చెను. భవనము శిథిలమైయుండెను. తీగెలు మిగిలినది 5 హెక్టేరుల మేర మాత్రమే. దిబ్బపైనుండి నదిని చూచిన గోత్రో, ఇతరుని కొఱకు వెదకిన తోటను తానే కొనెను. కొన్న నాలుగైదేండ్లకే, 1973-74 ప్రాంతమున, బోర్డో బజారు కుప్పకూలెను. అయినను అతడు తోటను విడువలేదు. వర్తకమున వచ్చిన సొమ్మును నేలపై పెట్టుచు, చుట్టునున్న కంకరభూములను చేర్చుచు, తోటను దాదాపు 80 హెక్టేరులకు పెంచెను. హెక్టేరునకు 8,000 కు పైగా మొక్కలు నాటించెను. పండ్లను చేతితోనే కోయించెను. రసమును ఓక్ కొయ్య పీపాలలో ఇంచుమించు ఏడాది నిలువయుంచెను. తగినంత మేలుగా లేని భాగమును ప్రధాన నామముతో అమ్మక, రెండవ పేరున వేరుగా సీసాల కెక్కించెను.

ఈ ఆసవము ఏండ్ల తరబడి నిలుచుటకు కారణము పండు తొక్కలో నున్నది. కాబెర్నే సోవిన్యో అను జాతి పండు చిన్నది, తొక్క మందమైనది. ఆ తొక్కనుండియు గింజలనుండియు వచ్చు టానిన్లే వగరునకు మూలము. సీసాలో ఇవి రంగుపదార్థములతో క్రమముగా కలసి పెద్ద అణువులగును; కొన్ని అడుగున మడ్డిగా దిగును. ఊదా వన్నె ఇటుకవన్నెగా మారును; వగరు మెత్తబడును. బిరడా ఎండిపోకుండుటకై సీసాను పరుండబెట్టుదురు. చీకటియు, మారని చల్లదనమును కల్పింతురు. జాబితాను కోరిన ఆ చక్రవర్తియే 1863 లో ద్రాక్షాసవము చెడుటకు కారణములను కనుగొనుమని లూయీ పాశ్చరును కోరెను. పాశ్చరు 1866 లో తన పరిశోధనలను గ్రంథముగా ప్రకటించెను. ఒకే చేయి రెండు పనులకు కారణమైనది: ఒకటి శాస్త్రము, నానాటికి సవరింపబడుచు పెరిగినది, మరియొకటి జాబితా, మార్పు నెరుగక నిలిచినది.

పేర్లు కప్పియుంచి రుచిచూచిన పరీక్షలలో సోసియాందో-మాలె తనకంటె అనేక రెట్లు ధర పలుకు వానితో సరితూగెను. 1982, 1990, 1996 సంవత్సరముల పంట ప్రత్యేకముగా ప్రశంస లందెను. 2003 లో క్రూ బూర్జువా అను వర్గపు తోటలను తిరిగి తరగతులుగా విభజించినపుడు గోత్రో దరఖాస్తే పెట్టలేదు. 1932 నాటి జాబితాలో ఈ తోట పేరుండెను. అయినను అతనికి తోటపేరే చాలునని తోచెను. ఆ విభజనమును 2007 లో న్యాయస్థానము కొట్టివేసెను. బిరుదు లేకుండుటచే యజమానికి కొంత నష్టము, కొనువానికి లాభము. మొదటి తరగతి తోటల సీసా కొన్ని వందల యూరోలు పలుకుచుండగా ఇది క్రొత్తగా వచ్చినపుడు సామాన్యముగా 50 యూరోలకు లోపుగనే దొరకును. ఫ్రాన్సులో ఒక ఉపాధ్యాయుడు బిడ్డ పుట్టిన ఏట నాలుగు సీసాలు కొని, ఆ బిడ్డ పెద్దయైన దినమున తెరువదలచినచో అది అతనికి తలకు మించిన పని కాదు.

గోత్రో 2019 లో, తన తొంబదవపడి దాటిన పిదప, కన్నుమూసెను. తోట కుమార్తె చేతికి వచ్చెను. అతడు కడపటి యేండ్లలో నింపించిన సీసాలు చీకటి గదులలో ఇంకను నిదురించుచున్నవి. వాని వగరు ఇంకను పూర్తిగా మెత్తబడలేదు. పెంకు పగిలి, లోని తీపి బయటపడు దినమును చూచుటకు చేసినవాడు లేడు. ఆ సంగతి ఎరిగియే అతడు వానిని చేసెను.