సిసింద్రీకి బొప్పి కట్టదు... మా చంటిగాడికి కడుతుంది!

1995లో వచ్చిన ‘సిసింద్రీ’ చూశారా? నాగార్జున నిర్మించగా శివనాగేశ్వరరావు డైరెక్ట్ చేసిన చిత్రం. రిలీజయ్యేనాటికి ఏడాదిన్నరైనా నిండని అఖిల్ అందులో హీరో! దొంగలు ఎత్తుకుపోయిన ఆ పసివాడు వాళ్ళ చేతుల్లోంచి జారిపోయి ఊరంతా చుట్టేస్తాడు. దెబ్బలన్నీ దొంగలకే! బాబు ఒంటిమీద గీత కూడా పడదు. అంతకుముందు 1994లో వచ్చిన హాలీవుడ్ చిత్రం ‘బేబీస్ డే అవుట్’లోనూ ఇదే వరస. అందులో బాబు వేషాన్ని కవలలిద్దరు పంచుకున్నారు లెండి.

ఆ సినిమాలంటే నాకిష్టమే. కాని మా అక్క కొడుకు చంటిగాణ్ణి చూశాక వాటిమీద చిన్న కోపం పుట్టింది. వాడికి 14 నెలలు. నడక వచ్చి నెలన్నర. నుదుటిమీద ఒక బొప్పి తగ్గేలోపల రెండోది సిద్ధం! గడప తన్నుకుంటాడు, మంచంకోడు గుద్దుకుంటాడు, ఏమీ లేనిచోట కూడా పడతాడు. నాన్నగారు వాడికి ‘ఫైట్ మాస్టర్’ అని పేరు పెట్టేశారు. “అడుగులకు వండిన అరిసెలింకా డబ్బాలోనే ఉన్నాయి, అప్పుడే ఫైటింగులా?” అంటారు.

అక్కావాళ్ళత్తగారు వచ్చేదాకా అంతా నవ్వులాటే. ఆవిడ నలుగురిలో, “ఒక్క పిల్లాణ్ణి చూసుకోలేకపోతే ఎట్లాగే అమ్మాయ్?” అనేశారు. అక్క మారు మాట్లాడలేదు. ఆ రాత్రి వాడు నిద్రపోతుంటే నుదురు తడుముతూ కూర్చుంది. నాకు ఒళ్ళు మండింది. సంగతేమిటో తేల్చుకుందామని దొరికిందల్లా చదివాను, పిల్లల డాక్టరుగారినీ అడిగాను.

న్యూయార్క్ యూనివర్సిటీలో కేరన్ అడాల్ఫ్ అనే శాస్త్రవేత్త, ఆవిడ సహచరులు కలిసి 12 నుంచి 19 నెలల పిల్లలు ఆడుకుంటుంటే అడుగులు లెక్కపెట్టారు. 2012లో ఆ లెక్క ప్రచురించారు. గంటకు సగటున 2,368 అడుగులు, 17 సార్లు పడటం! మా ఫైట్ మాస్టరు రికార్డులేమీ బద్దలుకొట్టలేదన్నమాట. ఆ వయసులో ఒంటికి తల పెద్ద, బరువంతా పైనే. నుదుటి చర్మం కింద రక్తనాళాలు బోలెడు, వాటి వెనకే ఎముక. అందుకే చిన్న దెబ్బకే కోడిగుడ్డంత ఉబ్బుతుంది.

ఐసు ముక్కని పల్చటి గుడ్డలో చుట్టి పది నిమిషాలు ఆనించాలి. అమ్మ గట్టిగా రుద్దబోయింది గాని, రుద్దకూడదు. చీరుకుంటే కాఫీపొడి అద్దడమూ వద్దు. నీళ్ళతో కడిగి శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టాలి. దిష్టి తీస్తామంటారా, తీసుకోండి, నష్టం లేదు!

నవ్వకూడని చోట్లూ ఉన్నాయి. స్పృహ తప్పినా, మళ్ళీ మళ్ళీ వాంతులైనా, లేపినా లేవకుండా మత్తుగా పడున్నా, ఫిట్స్ వచ్చినా, ముక్కులోంచో చెవిలోంచో రక్తంగాని నీళ్ళలాంటిదిగాని కారినా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే. తల పక్కనో వెనకో మెత్తగా ఉబ్బినా చూపించాలి. నుదురు, మోకాళ్ళు, మోకాలి కింద ఎముక... ఇవి నడక దెబ్బలకు మామూలు చోట్లు. చెవిమీద, మెడమీద, పొట్టమీద కమిలిన మచ్చలుంటే ఆ సంగతి వేరు. ఇంకా నడకే రాని పసికందుకైతే మరీనూ. డాక్టరు ఎలా తగిలిందని గుచ్చిగుచ్చి అడుగుతారు, అడగాలి కూడా.

కూర్చోబెట్టి చక్రాలమీద తిప్పే వాకర్లు కొనకండి. వాటితో పిల్లలు మెట్లమీంచి దొర్లిపడుతున్నారని కెనడాలో 2004లోనే నిషేధించారు. మా అటకమీది మూడు చక్రాల కొయ్యబండి దించాం. తోసుకుంటూ నడవడానికి బాగానే ఉంది గాని, నున్నటి గచ్చుమీద దాని జోరు చూడాలి! వెనక ఒకరు ఉండితీరాలి.

17 సార్ల సంగతి అత్తగారికి నేనే చెప్పాను. ఆవిడ నమ్మలేదు. ఓ ఆదివారం స్వయంగా లెక్కపెట్టడానికి కూర్చున్నారు. తొమ్మిదిదాకా వచ్చి, “ఇహ నావల్ల కాదమ్మా!... మీ బావా ఇంతే. అరుగుమీంచి పడి గడ్డం చీరుకున్నాడు” అన్నారు.

అక్క చటుక్కున బావ గడ్డం వైపు చూసింది. మచ్చ ఉంది!