ఆట మధ్యలో తెర మీద గళ్లెందుకు?

పుదుచ్చేరి మూలకుళం పిల్లలూ! ఆట మంచి జోరులో ఉండగా కంప్యూటర్ తెర మీద రంగురంగుల గళ్లు వచ్చి ఆగిపోయిందా? గ్రాఫిక్స్ కార్డును అనుమానించాల్సిందే.

ఫుల్ హెచ్‌డీ తెర మీద 20,73,600 చుక్కలుంటాయి. మామూలుగా సెకనుకు 60 సార్లు వాటికి రంగులు పంపేది ఈ కార్డే. అంత చాకిరీకి వేడెక్కదూ? అందుకే దానికో బుల్లి ఫ్యాను. మనింటి ఫ్యాను రెక్కలకు పట్టినట్టే దానికీ దుమ్ము పడుతుంది. పుదుచ్చేరిది సముద్రపు గాలి కదా, తేమకు ఆ దుమ్ము అట్టకడుతుంది. గాలాడక కార్డు లెక్క తప్పుతుంది, రంగులు చెదురుతాయి.

ముందు తెర కేబుల్ మార్చి చూడండి. పాపం, ఒక్కోసారి కార్డు తప్పేమీ ఉండదు! తర్వాత ప్లగ్గు తీసి, పెద్దవాళ్ల చేత మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపించండి. అదే కార్డు స్నేహితుడి కంప్యూటర్‌లోనూ గళ్లే చూపిస్తే, అది చెడిపోయినట్టే.